వంటింటి క్యాలెండరుతో సహా

జనవరి 29, సోమవారం

డాక్టరు రాయమంది కాబట్టి రాస్తున్నాను. వేళ్ల నొప్పి పదికి ఎంత, నిద్ర ఎన్ని గంటలు, ఆ రోజు ఏం పని చేశాను. కీళ్లు పట్టేసే లూపస్ జబ్బు వచ్చి పన్నెండేళ్లయింది. కొత్త మందు పనిచేస్తోందో లేదో ఇకపై ఈ పుస్తకం చెప్పాలట. సరే. వేళ్లు 4. నిద్ర ఆరు గంటలు. పని: పదకొండింటి దాకా మా బాస్ గోర్డన్ మీటింగు, ఆ తర్వాత అసలు పని.

మా ఆయన ఎమెట్ ఈ పుస్తకం చూసి, "ఇన్నాళ్లూ జనాన్ని కూర్చోబెట్టి గుచ్చి గుచ్చి అడిగావు. ఇప్పుడు నీ వంతు వచ్చింది" అన్నాడు. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆయన వేసిన జోకుల్లో ఇది కాస్త నయం.

మా ఆఫీసు లాయర్లకు లీడ్‌గా ఉన్న హార్వీ ఏప్రిల్లో రిటైరవుతున్నాడు. ఆయన లీడ్ పోస్టుకు నేనూ పెట్టుకున్నాను. జబ్బు వల్ల నేను ఆఫీసుకు వచ్చేది సోమ, మంగళ, బుధవారాలే. అయినా పదకొండేళ్లుగా అందరి డ్రాఫ్టులూ దిద్దడానికి నా బల్ల మీదికే వస్తున్నాయి. చేసే పనికి పేరు కూడా ఉంటే పోయేదేముంది?

ఫిబ్రవరి 6, మంగళవారం

వేళ్లు 3. డార్లీన్ ప్రూయిట్ వాంగ్మూలం, నాలుగు గంటలు.

మా ప్రభుత్వ శాఖ గిడ్డంగిలో బరువులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడుపుతుంది. చెవులు సరిగ్గా వినపడవు. యార్డు సూపర్‌వైజర్ పోస్టు అడిగితే మరొకరికిచ్చారు. వినపడదన్న కారణంతోనే తనకు ఇవ్వలేదని మా మీద ఫిర్యాదు. శాఖ తరఫు లాయరును నేను. ఆమెకు లాయరు లేడు. ఒక్కతే వచ్చింది, కొత్త కోటు వేసుకుని. మడత గీతలు ఇంకా పోలేదు.

మొదటి ప్రశ్న అడగ్గానే చెయ్యెత్తింది. "మేడం, కాగితాల్లోకి చూస్తూ మాట్లాడకండి. నావైపు తిరగండి. మీ పెదాలు కనపడితేనే నాకు తెలిసేది." నాలుగు గంటలూ తలెత్తి మాట్లాడేసరికి మెడ పట్టేసింది.

నాకు కావలసింది తేదీలు. అన్యాయం జరిగిన రోజు నుంచి నలభై ఐదు రోజుల్లోపు, వివక్ష ఫిర్యాదులు తీసుకునే మా శాఖ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లి చెప్పుకోవాలి. నలభై ఆరో రోజు వెళితే న్యాయం నీవైపున్నా తలుపు మూసేస్తారు. ఏటా కొత్త కౌన్సెలర్లకు ఈ పాఠం చెప్పేది నేనే. డార్లీన్‌కు ఉద్యోగం లేదని ఉత్తరం వచ్చింది ముందటేడు అక్టోబరు 3న. ఆమె కౌన్సెలర్ దగ్గరికి వెళ్లింది అక్టోబరు 26న. అలా చూస్తే గడువులోనే ఉంది.

"ఉత్తరానికి ముందు మీకు నోటిమాటగా ఎవరైనా చెప్పారా?"

"గుర్తులేదు మేడం. నోటుబుక్కులో ఉంటే ఉండొచ్చు."

"ఏ నోటుబుక్కు?"

"బండిలో పెట్టుకుంటా. బ్యాటరీ, టైర్లు, మధ్యాహ్నం ఏం తిన్నానో. మీకెందుకది?"

లాయరుంటే అక్కడే బల్ల కింద ఆమె కాలు తొక్కేవాడు.

ఫిబ్రవరి 7, బుధవారం

వేళ్లు 3. డార్లీన్ మాకు ఇవ్వాల్సిన పత్రాల జాబితా ఆమెకు పంపాను. జాబితాలో ఏడో అంశం నా సొంత సృష్టి: "తేదీలు రాసుకున్న నోటుబుక్కులు, డైరీలు, గోడ క్యాలెండర్లు, వంటింటి క్యాలెండరుతో సహా." ఒకాయన ఫ్రిజ్ మీది క్యాలెండర్లో పళ్ల డాక్టరు తేదీ పక్కన గీసుకున్న గీతతో ఒక కేసు గెలిచాను. అప్పట్నుంచి ఆ ముక్క తీసెయ్యలేదు.

ఫిబ్రవరి 20, మంగళవారం

నోటుబుక్కు వచ్చింది. గ్రీజు వాసన. ఒక్క పేజీ చించలేదు. దొరికింది.

"సెప్టెంబరు 9, శుక్రవారం. బ్యాటరీ మార్చాలి. రే చెప్పాడు, యార్డు నాకు రాదట. వాకీటాకీ వినపడనిదానికి ఎలా ఇస్తారన్నాడు. టర్కీ శాండ్‌విచ్."

రే అంటే ఆమె సూపర్‌వైజరు. సెప్టెంబరు 9 నుంచి అక్టోబరు 26కి వేళ్ల మీద లెక్కపెట్టాను. నలభై ఏడు. రెండు రోజులు ఆలస్యం. మళ్లీ లెక్కపెట్టి, బ్రెంట్ గదికి దాదాపు పరుగెత్తాను. బ్రెంట్ నా దగ్గరే పని నేర్చుకున్నాడు.

"మీరు రాక్షసి, లోయిస్" అన్నాడు.

నాకు సంతోషమేసింది. వేళ్ల నొప్పి సంగతే గుర్తులేదు. 2 అని వేస్తున్నాను.

ఫిబ్రవరి 27, మంగళవారం

వేళ్లు 3. కాఫీ మిషను దగ్గర గోర్డన్ పట్టుకున్నాడు.

"లోయిస్, ముందే చెప్తున్నా, మనసులో పెట్టుకోకు. లీడ్ అంటే ఐదు రోజులూ మనిషి కనపడాలి. నువ్వా ఈ జబ్బుతో... నీ మీద ఇంకా బరువు పెట్టడం నాకిష్టం లేదు. నీ మంచికే చెప్తున్నా."

"అవునులే" అన్నాను. పాలు ఎక్కువ పోసుకున్నాను.

గోర్డన్ మంచివాడే. నోటితో ఏదో అంటాడు. కాగితం మీద పెట్టే దగ్గరికొచ్చేసరికి తనే ఆలోచిస్తాడు. దీని గురించి ఇంక రాయనక్కర్లేదు.

ఫిబ్రవరి 28, బుధవారం

వేళ్లు 6.

మార్చి 1, గురువారం

సెలవు రోజు. రాయనక్కర్లేదన్నాను గానీ ఒక్కటి. మేనేజర్ల క్లాసులో ప్రతిసారీ చెప్తాను, జబ్బు అన్న మాట మీ నోట్లోంచి రానివ్వకండి అని. గోర్డన్ ఆ క్లాసుకు రాలేదేమో అనుకున్నాను. వచ్చాడు. ముందు వరసలో కూర్చుని డోనట్ తిన్నాడు.

మార్చి 6, మంగళవారం

వేళ్లు 5. డార్లీన్ ఫిర్యాదు కొట్టెయ్యమని పిటిషను పూర్తి చేశాను. పదకొండు పేజీలు. ఈ మధ్య నేను రాసినవాటిలో ఇదే బాగుంది. ఏడో పేజీలో ఇది:

"అన్యాయం జరుగుతోందని తెలిసిన రోజే గడువు మొదలవుతుంది. కాగితం చేతికి వచ్చేదాకా ఆ ఎరుకను జేబులో పెట్టుకు తిరగడానికి చట్టం ఒప్పుకోదు. శ్రీమతి ప్రూయిట్ తన చేత్తో తాను రాసుకున్న మాటే ఆమెకు తెలుసునని సాక్ష్యం చెబుతోంది."

జేబు దగ్గర ఆగాను. మరీ నాటకంలా ఉందా అని. ఉండనిచ్చాను.

మార్చి 14, బుధవారం

పదింటికి అందరికీ మెయిలు. కొత్త లీడ్ బ్రెంట్. "వారంలో ఐదు రోజుల అందుబాటును దృష్టిలో పెట్టుకుని" అట. కాగితం మీద పెట్టాడు.

రెండింటికి కేకు. చాక్లెట్ పలక, మీద నీలం క్రీము. గోర్డన్ నాకు మూల ముక్క కోసి ఇచ్చాడు, నాకు మూల ఇష్టమని ఆయనకు తెలుసు. తిన్నాను.

సాయంత్రం బ్రెంట్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మీరేమీ అనుకోవద్దు. నేను అడగలేదు. అంటే, అడిగాను. మీకే వస్తుందనుకుని అడిగాను."

"ఇంటికి పో, బ్రెంట్. ఐదు రోజులూ కనపడాలి, అలిసిపోతావు."

పాపం ఎర్రబడ్డాడు. అలా అనకుండా ఉండాల్సింది.

నలభై ఐదో రోజు ఏప్రిల్ 28, శనివారం. ఆఖరు రోజు శనివారమైతే సోమవారానికి జరుగుతుంది, ఏప్రిల్ 30. ఊరికే లెక్కేశాను, అలవాటు కొద్దీ. వేళ్లు 6.

మార్చి 15, గురువారం

ఎమెట్ గిన్నెలు తుడుస్తూ మొదలుపెట్టాడు.

"వెళ్లి చెప్పు."

"ఎవరికి?"

"ఆ కౌన్సెలర్లకి. నీ దగ్గర పాఠం చెప్పించుకున్నవాళ్లే కదా, ఇంకా సుఖం."

"అందుకే వెళ్లలేను. ఒకసారి ఆ గదిలోకి వెళ్లొచ్చినవాళ్లతో మధ్యాహ్నం భోజనానికి ఎవరూ కూర్చోరు, ఎమెట్. ఇరవై ఏళ్లుగా చూస్తున్నా."

"ఇప్పుడు నీతో ఎవరు కూర్చుంటున్నారు? మూడు రోజులూ నీ బల్ల దగ్గరే తింటావుగా."

గుడ్డ లాక్కుని నేనే తుడిచాను.

మార్చి 19, సోమవారం

నా పిటిషనుకు డార్లీన్ జవాబు. చేతిరాత, అరపేజీ. చట్టం ఒక్క ముక్క లేదు.

"రే మంచోడే. నోటితో అంటాడు గానీ కాగితం మీద పెట్టడనుకున్నాను. అందుకే ఆగాను. అది తప్పయితే తప్పే."

దీనికి మళ్లీ మేం జవాబు రాయనక్కర్లేదని గోర్డన్‌కు చెప్పాను. వేళ్లు 5.

మార్చి 26, సోమవారం

నా పిటిషనును ఉమ్మడి ఫోల్డర్లో పెట్టారు, "నమూనా" అని పేరు పెట్టి. దేశంలో మా శాఖ లాయర్లందరూ చూసే ఫోల్డరది. గడువు దాటిన కేసు వస్తే ఎవరూ మొదట్నుంచి రాయరు. అందులోంచి ఒకటి తీసుకుని పేర్లూ తేదీలూ మార్చి పంపిస్తారు. పత్రాల జాబితా కూడా నాదే పెట్టారు. ఎవరికీ చెప్పను గానీ, గర్వంగానే ఉంది.

ఏప్రిల్ 9, సోమవారం

గెలిచాం. ఫిర్యాదు కొట్టేశారు. నా జేబు వాక్యాన్ని జడ్జి యథాతథంగా ఎత్తి రాశాడు. వినపడకపోవడం గురించి, రే అన్నదాని గురించి తీర్పులో ఒక్క మాట లేదు. అక్కడిదాకా పోవలసిన అవసరమే రాలేదు.

గోర్డన్ అందరికీ బార్బెక్యూ తెప్పించాడు. "నువ్వు లేకపోతే ఈ ఆఫీసు ఏమైపోతుందో" అన్నాడు. మొహంలో కల్మషం ఏమీ లేదు. వేళ్లు 7.

ఏప్రిల్ 11, బుధవారం

నోటుబుక్కు పోస్టులో పంపుతామంటే వినకుండా డార్లీనే వచ్చింది. కింద కాపలావాళ్ల బల్ల దగ్గర నిలబడింది. ఈసారి పని బట్టలు. నేనే తీసుకెళ్లాను. వెనక్కి పంపెయ్యమని గుమాస్తాకు చెప్పొచ్చు. ఎందుకో నేనే వెళ్లాను.

"ఇదిగోండి మీ పుస్తకం" అన్నాను, ఆమె వైపు తిరిగి.

పేజీలు తిరగేసింది. సెప్టెంబరు దగ్గర నేను అంటించిన పసుపు చీటీ ఇంకా ఉంది. తీసెయ్యాల్సింది.

"ఇక దీంట్లో రాయలేను మేడం."

"ఎందుకు?"

"బ్యాటరీ అని రాద్దామన్నా, ఎవరు చదువుతారో అనిపిస్తుంది."

క్షమించమని అడగాలనిపించింది. మా పద్ధతిలో అడగకూడదు, అడిగితే అదో సాక్ష్యం. "జాగ్రత్తగా వెళ్లండి" అన్నాను. ఆమె అప్పటికే అటు తిరిగింది కాబట్టి ఆ మాట ఆమెకు చేరలేదు.

ఏప్రిల్ 13, శుక్రవారం

సెలవు. కారు కడిగాం. వేళ్లు 4.

ఏప్రిల్ 16, సోమవారం

వెళ్లాను.

ఒడెస్సా ఫెన్విక్. మూడేళ్ల క్రితం నా క్లాసులో కూర్చున్న కౌన్సెలరు. నన్ను చూసి, పాఠాలేమైనా మారాయా అని అడిగింది. నేను కూర్చోకుండా నిలబడి ఉంటే అర్థమైంది ఆమెకు. లేచి తలుపు వేసింది.

"మీరా?"

"నేనే."

"అయ్యో, లోయిస్ గారూ." తర్వాత గొంతు సవరించుకుని, నేను నేర్పినట్టే ఫారం తీసి మొదటి ప్రశ్న చదివింది. "మీకు అన్యాయం జరిగిందని మొట్టమొదట ఎప్పుడు తెలిసింది?"

"మార్చి 14. మెయిలు వచ్చింది."

రాసుకుంది. "చాలా టైముంది మీకు" అని నవ్వింది.

సాయంత్రం. ఈ పుస్తకం మొదట్నుంచి చదివాను, డాక్టరుకు రేపు చూపించాలి కదా. ఫిబ్రవరి 27 దగ్గరికి వచ్చి ఆగాను. అక్కడి నుంచి ఇవాళ్టికి నలభై ఎనిమిది. నలభై ఐదో రోజు మొన్న శుక్రవారం. కారు కడిగిన రోజు.

అది వేరు, ఇది వేరు. కాఫీ మిషను దగ్గర ఏదో అన్నంత మాత్రాన నిర్ణయమైపోయినట్టా? ఉద్యోగం ఇవ్వనిది మార్చి 14నే. ఏ లాయరైనా ఇదే చెబుతాడు. డార్లీన్ లాయరు కూడా ఇదే చెప్పేవాడు, ఉండి ఉంటే.

ఈ పుస్తకం డాక్టరు కోసం. ఇంకెవరూ చూడరు.

జులై 10, మంగళవారం

వేళ్లు 2. మందు పనిచేస్తోంది. ఫిర్యాదు పెట్టిన దగ్గర్నుంచి నాకు కాంట్రాక్టు కాగితాల పని ఇచ్చారు. ఎవరూ డ్రాఫ్టులు తేవడం లేదు. బల్ల శుభ్రంగా ఉంది. బ్రెంట్ ఒకసారి వచ్చి కామా ఎక్కడ పెట్టాలో అడిగి, అడక్కూడదని గుర్తొచ్చి వెళ్లిపోయాడు. లీడ్ పోస్టు కోసమే ఈ గొడవ అని అందరూ అనుకుంటున్నారు. పోస్టు సంగతి సరే. జబ్బుదాన్ని కాబట్టి పనికిరానన్న మాట తప్పని ఎవరో ఒకరు తేల్చి చెప్పాలి. నాకు కావలసింది అదే.

మార్చి 5, మంగళవారం

ఏడాదయింది. నా కేసును మా ఆఫీసువాళ్లు వాదించకూడదు కాబట్టి డెన్వర్ ఆఫీసుకు అప్పగించారు. ప్రెస్టన్ హైడ్ అట, కుర్రవాడు. ఇవాళ ఆయన దగ్గర్నుంచి పత్రాల జాబితా వచ్చింది. ఏడో అంశం చదివాను.

"తేదీలు రాసుకున్న నోటుబుక్కులు, డైరీలు, గోడ క్యాలెండర్లు, వంటింటి క్యాలెండరుతో సహా."

గట్టిగా నవ్వాను. ఎమెట్ గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు.

మార్చి 7, గురువారం

తీగ చుట్టల పుస్తకమిది. ఒక కాగితం లాగేస్తే తెలియదు. తీగలో మిగిలే తునకలు గిల్లేస్తే సరి. ఫిబ్రవరి 27 వెనక వైపు ఫిబ్రవరి 28, మార్చి 1 ఉన్నాయి. పోతే ఆ "వేళ్లు 6", గోర్డన్ డోనట్ పోతాయి, అంతే. ఏప్రిల్ 16 సాయంత్రం రాసిన కాగితం కూడా దాంతోపాటే.

పొద్దున్నుంచి పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను. నాకు భయమేసింది. ఆ పేజీ ఉంటే ఓడిపోతాను, లేకపోతే గెలిచే కేసు. గోర్డన్ ఆ మాట అన్నది నిజం, ఆ జబ్బు అన్న మాట. దాన్ని జడ్జి వినాలంటే ఈ ఒక్క పేజీ ఉండకూడదు. ఆ మాట రాసి ఉన్నది కూడా ఈ ఒక్క పేజీలోనే.

"ఆవిడ చించిందా?" అని ఎమెట్ అడిగాడు.

"ఎవరు?"

"ఆ ఫోర్క్‌లిఫ్ట్ ఆవిడ."

"లేదు."

ఆయన వెళ్లి కాఫీ పెట్టాడు.

నాకు సిగ్గేసింది. ఓడిపోతానని కాదు. చించకుండా ఇచ్చినందుకు ఆమెను తెలివితక్కువది అనుకున్నాను. ఆ మాట ఈ పుస్తకంలో రాయకపోయినా అనుకున్నాను, బల్ల కింద కాలు తొక్కేవాడని రాసుకుని నవ్వుకున్నాను.

నకలు చాలదు, అసలు పుస్తకమే కావాలన్నాడు హైడ్. నేనైనా అలాగే అడిగేదాన్ని. రేపు పంపిస్తున్నాను.

హైడ్ గారూ, మీకు కావలసినది ఫిబ్రవరి 27. వెతుక్కోనక్కర్లేదు, పేజీ మూల మడిచాను. వేళ్ల నొప్పులన్నీ చదవాల్సి వస్తుంది, ఏమీ అనుకోకండి.

ఏప్రిల్ 2, మంగళవారం (కొత్త పుస్తకం)

ఫిర్యాదు కొట్టెయ్యమని పిటిషను వచ్చింది. పదకొండు పేజీలు. చదవడం మొదలుపెట్టాక తెలిసింది, అంతా నాదే. మొదటి పేరా నాది, తీర్పుల వరస నాది. ప్రూయిట్ ఉన్నచోట నా ఇంటిపేరు వోగెల్ అని మార్చాడు, సెప్టెంబరు 9 ఉన్నచోట ఫిబ్రవరి 27, నలభై ఏడు ఉన్నచోట నలభై ఎనిమిది. జేబు అలాగే ఉంది. కుర్రవాడికీ అది తియ్యబుద్ధి కాలేదన్నమాట.

ఏడో పేజీలో ఒక్కచోట మార్చడం మర్చిపోయాడు. "శ్రీమతి ప్రూయిట్ తన చేత్తో తాను రాసుకున్న మాటే ఆమెకు తెలుసునని సాక్ష్యం చెబుతోంది."

ఎమెట్‌కు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"వేరే మనిషి పేరుంది కదా. పట్టుకో దీన్ని. మీవాళ్లు ఇలాంటివాటికి ఎగిరిపడతారుగా."

"పట్టుకోవచ్చు."

"మరి?"

జవాబుకు పదిహేను రోజులుంది. నాకు ఒక్కరోజు కూడా పట్టలేదు. పదిమంది నా దగ్గర నేర్చుకున్న వాదన ఉంది, మార్చి 14 నుంచే లెక్కపెట్టాలని, దానికి ఆరు తీర్పులున్నాయి. అవన్నీ రాశాను. అంతకు ముందు, అన్నిటికన్నా పైన, చేత్తో ఒక పేరా రాశాను.

"గోర్డన్ మంచివాడే. నోటితో అంటాడు గానీ కాగితం మీద పెట్టడనుకున్నాను. అందుకే ఆగాను. నిరుడు ఇదే జవాబు రాసిన మనిషి ఫిర్యాదును కొట్టెయ్యమని అడిగింది నేనే. ఆ రోజు నేను అడిగింది తప్పు."

పేరూ సంతకమూ పెట్టి మడిచాను. ఏడో పేజీలో డార్లీన్ పేరు ఉన్నచోటే ఉంది. దిద్దమని రాయలేదు.